ఆర్మేనియా నుంచి చేతిపని వస్తువులు: ఏం తెమ్మనాలి, అసలువి ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న:
మా చెల్లెలు యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతోంది. సెలవులకి ఇంటికొస్తోంది. ఈసారి చాక్లెట్లు వద్దు, అక్కడివాళ్ళు చేత్తో చేసినవి తెమ్మన్నాం. అమ్మకి ఒకటి, సన్నాయి వాయించే మా పెదనాన్నకి ఒకటి, కొత్తిల్లు కట్టుకున్న పిన్నికి ఒకటి. వెర్నిసాజ్ బజారుకి వెళ్తే ఏది చేతిపనో, ఏది ఫ్యాక్టరీ సరుకో తెలియక టెన్షన్ పడుతోంది. బ్యాగు బరువు కూడా చూసుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (యెరెవాన్‌లో ఉంటున్న సభ్యురాలు):
శని, ఆదివారాల్లో వెళ్ళమనండి. మిగతా రోజుల్లో కూడా అంగళ్ళుంటాయి గానీ బజారు నిండేది ఆ రెండు రోజులే. రిపబ్లిక్ స్క్వేర్ మెట్రోలో దిగితే పక్కనే. అదే దానిమ్మకాయ బొమ్మ, అదే రంగు, అదే సైజులో పది బల్లల మీద కనిపిస్తే దాన్ని వదిలేయమనండి. బల్ల వెనక కూర్చుని పని చేసుకుంటున్నవాళ్ళ దగ్గర ఆగాలి. "మీరే చేశారా, ఎలా చేస్తారు?" అని అడిగితే చాలు, చేసినవాళ్ళు వస్తువు తిప్పి చూపించి మరీ చెప్తారు.

అమ్మగారికైతే నేను సూది లేసే చెప్తాను. అక్కడ జన్యాక్ అంటారు. మన నరసాపురం లేసు క్రోషియా కొక్కెంతో అల్లేది కదా, ఇది మామూలు కుట్టుసూదితో, దారాన్ని ముడి మీద ముడి వేసుకుంటూ మధ్యలోంచి బయటికి గుండ్రంగా పెంచుకుంటూ పోయే పని. ప్రతి ముడీ విడిగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడైనా ఒక పోగు తెగినా మొత్తం ఊడిపోదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడమనండి. చేత్తో అల్లినదానిలో వలకళ్ళు వెంట్రుకవాసి పెద్దా చిన్నా ఉంటాయి, ముడులు వేలికి గింజల్లా తగులుతాయి. మెషీన్ లేసు చదునుగా ఉంటుంది, అంచుల్లో నూగు లేస్తుంది. అరచేయంత ముక్క కూడా చవగ్గా రాదు, ఎందుకంటే దాని వెనక చాలా గంటల పని ఉంటుంది. బేరం మరీ గట్టిగా ఆడొద్దని నా మనవి. బరువంటారా, కవరులో పెట్టి పుస్తకం మధ్యలో దాచేయొచ్చు.

ఇంకో సభ్యుడు:
పిన్నిగారింటికి చిన్న తివాచీ బాగుంటుంది. వెనక్కి తిప్పి చూడాలి. చేత్తో ముడులు వేసినదైతే ముందున్న డిజైనే వెనక కూడా స్పష్టంగా కనిపిస్తుంది. చివర కుచ్చులు తివాచీ నిలువు దారాల కొనసాగింపే అయి ఉండాలి, విడిగా కుట్టి ఉంటే మెషీన్‌ది. తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల రుద్దమనండి, రంగు అంటితే వద్దు. పాత తివాచీల జోలికి వెళ్ళొద్దు, వాటిని దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి పత్రం కావాలి. కొత్తదానికైనా బిల్లు తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. పెదనాన్నకి దుదుక్ (అక్కడి ఊదే వాద్యం) కొందామనుకుంటోంది. సన్నాయి వాయించేవాళ్ళకి అది వస్తుందా? అలాగే రాతిలో చెక్కిన శిలువలు కూడా చూసిందట.

యెరెవాన్ సభ్యురాలు:
దుదుక్ మంచి ఆలోచన. ఆప్రికాట్ కర్రతో చేస్తారు. ఆ సంగీతం 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. సన్నాయి లాగే దీనికీ జంట రెల్లు పీక, కాకపోతే చాలా వెడల్పుగా, పొడుగ్గా ఉంటుంది. అందుకే నాదం మెత్తగా, కింది స్థాయిలో వస్తుంది. ఒకరు పాట వాయిస్తుంటే రెండోవారు ఒకే స్వరం పట్టుకుని నిలబడతారు, మన మేళంలో ఒత్తు పట్టినట్టే. పెదనాన్నగారికి ఈ పద్ధతి చెప్పక్కర్లేదు. పెదవుల పట్టు మాత్రం వేరు, కొన్నాళ్ళు సాధన చేయాలి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బజార్లో వరసగా పేర్చి ఉండే మెరుగు వార్నిష్ దుదుక్‌లు గోడకి తగిలించుకోవడానికే, చాలావాటికి శ్రుతి ఉండదు. వాద్యాలు చేసేవారి దగ్గరికి వెళ్ళి, వాయించి వినిపించమని అడగాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని చూస్తే ఇంకా నయం. అదనంగా రెండు పీకలు తీసుకోవాలి, వాటిని ఘమిష్ అంటారు. వాయించే ముందు పీకలో కాసిని నీళ్ళు పోసి, దులిపేసి, పీక నోరు తెరుచుకునేదాకా కాసేపు ఆగాలి. ఎండిన పీకని బలవంతంగా ఊదితే చీలిపోతుంది. మీది కోస్తా అయితే తడి పీకని మూత పెట్టిన డబ్బాలో దాచొద్దు, బూజు పడుతుంది.

రాతి శిలువలని ఖచ్కార్ అంటారు, ఆ శిల్పకళ 2010లో యునెస్కో జాబితాకెక్కింది. ఏ రెండు ఖచ్కార్‌లూ ఒకేలా ఉండకూడదన్నది ఆ పనివాళ్ళ సంప్రదాయం, కాబట్టి అచ్చు పోసిన ఒకే రకం ముక్కలు కొనొద్దు. వాళ్ళకది ప్రార్థనా చిహ్నం. క్రైస్తవ స్నేహితులుంటే వాళ్ళకి ఎంతో విలువైన కానుక. షోకేసులో అలంకారం కోసమైతే నేను ఇవ్వను.

మరో సభ్యురాలు:
తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడి ఇంటావిడకి ఏదైనా పట్టుకెళ్తుందేమో కదా? పెడన కలంకారీ పంపండి. 18వ శతాబ్దంలో మద్రాసులో ఉన్న ఆర్మేనియన్ వ్యాపారులు తమ చర్చిల కోసం మన తీరంలో అద్దకం తెరలు చేయించుకునేవాళ్ళు. ఆ ముక్క చెప్పి ఇస్తే ఆవిడ చాలా సంతోషిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇది తట్టనే లేదండీ. పెడనలో మాకు బంధువులున్నారు, ఈ వారమే చెప్పి ఒక టేబుల్ క్లాత్ తెప్పిస్తాను. చెల్లెలికి ఈ జవాబులన్నీ పంపించాను, శనివారం వెళ్ళొచ్చాక ఏం కొన్నదో ఫొటోలు పెడతాను.