చలిచీమల చేత... చిక్కియా, జిక్కియా?

మధ్యాక్కర: జపాన్ ఎఫ్.లీగ్ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ఫుట్సాల్‌లో, అంటే జట్టుకు అయిదుగురు ఆడే చిన్న కోర్టు ఫుట్‌బాల్‌లో, అక్కడ అదే పై మెట్టు. 2007లో మొదలైంది మొదలు వరసగా తొమ్మిది సీజన్లు నాగోయా ఓషన్స్‌దే టైటిల్. 2016-17లో ష్రైకర్ ఒసాకా ఆ వరస తెంపింది. శీర్షికకి సుమతి పద్యం చివరి పాదం తోచింది. బడిలో "చేత చిక్కి" అని అరిచి వల్లించాం. మా నాన్నగారు మాత్రం "చేతఁ జిక్కి" అనేవారు. ఏది వేయను?

అరసున్న: ఇందులో అడగడానికేముంది? చేతన్ ద్రుతాంతం, అంటే చివర నకారముంది. దాని తర్వాత చకారానికి సరళం, అంటే జకారం, రావలసిందే. జిక్కి.

పాత పలక: వ్యాకరణం సరే, చెవి మాటేమిటి? చలి, చీమ, చేత, చిక్కి, చావదె. అయిదు చకారాలు బారు కట్టాయి. నడుమ జకారం పెడితే చీమల బారులో గండుచీమ దూరినట్టుంది.

అరసున్న: అయిదూ ఒక్కటి కావు మాష్టారూ. చలి, చావదెలలో ఉన్నది దంత్యం. మిగతావి తాలవ్యాలు. బారు ఎప్పుడో తెగింది.

కందగర్భం: యతి చావదె మీద పడింది. చి అన్నా జి అన్నా ఆరో గణం జగణమే. ఛందస్సు మీ తగవు తీర్చదు.

కొరివిచీమ: అసలు చిక్కు "చలి" దగ్గరుంటే మీరంతా క్రియ దగ్గర కూర్చున్నారు. ఏమిటా చలి? నా ఊహ చెబుతాను: కొరివిచీమ కుడితే మంట. ఇది కుట్టినా మంట ఉండదు, కనుక చలిచీమ. కవి కావాలనే కోరల్లేనిదాన్ని తెచ్చాడు.

పాత పలక: మీ పేరు మీరే పొగుడుకుంటున్నారు! చలించేది చలిచీమ అని మా గురువుగారు.

కొరివిచీమ: చలించని చీమ ఏదండీ?

మధ్యాక్కర: అయ్యా, శీర్షిక...

కృష్ణాతీరం: ఉపమానమే కుదరలేదు. ష్రైకర్ అన్న పేరు వెనక ఉన్నది ఒసాకా రాష్ట్ర పక్షి. పురుగుల్ని ముళ్ళకు గుచ్చి దాచుకునే పిట్ట. మరి చీమలెవరు? మీ సర్పం కూడా చావలేదు, మరుసటి సీజన్‌కే మళ్ళీ టైటిల్ పట్టింది. ఆసియా క్లబ్ కప్పు 2011, 2014, 2016, 2019లో దానిదే. పోర్చుగల్ ఫుట్సాల్ మేటి రికార్డిన్యో లాంటివాడు ఆడి వెళ్ళిన క్లబ్బు. వేమనను పట్టుకోండి: నీళ్ళలోన మొసలి. "స్థానబల్మి కాని తన బల్మి కాదయా." లీగులో మిగతా జట్ల ఆటగాళ్ళు చాలామంది పగలు ఉద్యోగాలు చేసుకుంటుంటే నాగోయా పూర్తి ప్రొఫెషనల్. అది స్థానబల్మి కాక మరేమిటి?

అరసున్న: అది డబ్బుబల్మి. స్థానం అంటే చోటు.

కృష్ణాతీరం: చోటు గురించే అయితే "కొండ యద్దమందు" ఉండనే ఉంది. ఫుట్‌బాల్ మైదానాన్ని 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పులోకి కుదిస్తే ఫుట్సాల్. వేమన్న ముందే చూశాడు.

కందగర్భం: వేమన అన్నీ ముందే చూశాడనడం మీకు అలవాటు. పోయిన నెల బ్యాంకు వడ్డీకి కూడా ఆయన్నే తెచ్చారు.

పాత పలక: నేను చీమల పక్షమే. ఫుట్సాల్‌లో ఆటగాళ్ళ మార్పులకు లెక్క లేదు. గడియారం ఆపకుండానే ఒకడు దిగుతాడు, ఇంకొకడు ఎక్కుతాడు. కోర్టులో అయిదుగురే కనిపిస్తారు గానీ బారు మాత్రం తరగదు. రెండో పాదంలో "పలువురతో" ఊరికే రాలేదు.

కొరివిచీమ: ఆ రెండో పాదంలో "నిగ్రహించి" నాకు మింగుడుపడదు. కలహమే కదా ఉద్దేశం? "విగ్రహించి" అయితే సూటిగా ఉంటుంది.

అరసున్న: ఒక్క పాదం తేలకముందే ఇంకో పాదం తవ్వకండి.

కందగర్భం: ని, వి రెండూ సంయుక్తానికి ముందున్నవే. గురువే. ఇక్కడా ఛందస్సు మాట్లాడదు.

మధ్యాక్కర: రాత్రికి పంపాలండీ. పోనీ "నాగోయాలో నాగు" అని పెట్టేయనా?

పాత పలక: నాగు తత్సమమా, తద్భవమా?