హెలిగోలాండ్ మొదటిసారి విన్నా, నాకే ఎక్కట్లేదా?

అందరికీ హాయ్, ట్రిప్ హాప్ (నెమ్మదైన బీట్ల మీద సాగే ఒక రకం ఎలక్ట్రానిక్ మ్యూజిక్) బాగా తెలిసినవాళ్ళు కాస్త హెల్ప్ చేయండి. బ్రిటిష్ బ్యాండ్ మాసివ్ అటాక్‌ది 1998 నాటి మెజ్జనైన్ ఆల్బమ్ ఒక్కటే నేను అరిగిపోయేదాకా విన్నది, ఆ ఊపులోనే నిన్న రాత్రి 2010లో వచ్చిన వాళ్ళ హెలిగోలాండ్ ఆల్బమ్ పెట్టా, పాతదే కానీ నాకు మాత్రం కొత్త. పాటకో గొంతు మారిపోతుంటే ఒకే ఆల్బమ్ వింటున్నట్టే అనిపించలేదు. మొదటి పాటలో టుండే అడెబింపే, తర్వాత మార్టీనా టాప్లీ బర్డ్, ఇంకాస్త ముందుకెళ్తే గై గార్వీ, డేమన్ ఆల్బార్న్, ఇలా ఒకరికి అలవాటుపడే లోపే ఇంకొకరు వచ్చేస్తున్నారు.

హోప్ శాండవల్ పాడిన ప్యారడైజ్ సర్కస్ మాత్రం పిచ్చెక్కించింది, చప్పట్ల బీట్ మీద చెవిలో గుసగుసలాడినట్టు పాడుతుంటుంది, చివర్లో వయొలిన్లు వచ్చేసరికి నేను ఫోన్ పక్కన పడేసి కళ్ళు మూసుకున్నా. హోరెస్ ఆండీ వణుకు గొంతు కూడా ఓకే, ఆయన 1991లో బ్యాండ్ మొదటి ఆల్బమ్ నుంచీ ఉన్నాడు కాబట్టి సొంత మనిషిలా అనిపించాడేమో. గార్వీ పాట అయితే సగంలోనే స్కిప్ కొట్టేశా, తప్పయితే తిట్టండి.

ఇంతకీ నా డౌట్ ఏంటంటే, ఇది వినగా వినగా ఎక్కే రకమా లేక మీకూ అతుకుల బొంతలాగే ఉందా? ఇంకోటి, నా చవక ఇయర్‌ఫోన్స్‌లో బేస్ అస్సలు తెలియట్లేదు, మంచి హెడ్‌ఫోన్స్‌తో వింటే ఏమైనా తేడా ఉంటుందా?