ఇమ్యూనిటీ సీసా కొనాలా, వద్దా?

హాలియా_మడి: ఎడమ కాల్వ కింద రెండెకరాల కౌలు. బీపీటీ రకం వరి వేసిన. మొన్నటి గాలివానకు ఆకులు కొసల నుంచి అంచుల వెంట పసుపు పడి ఎండుతున్నాయి. మందుల దుకాణాయన "ఇది పైరుకు ఇమ్యూనిటీ పెంచుతది" అని అర లీటరు సీసా చూపించిండు, తొమ్మిది వందలు. మొక్కకు నిజంగా అట్లాంటిది ఉంటదా?

ముసలి_నాగలి: మొక్కకు రక్తమే లేదు. రక్తం లేనిదానికి ఇమ్యూనిటీ ఏంది? మోసం.

తెగుళ్ల_సార్: ఉంటుంది తాతా. మనకు తెల్లకణాలు తిరుగుతాయి. మొక్కలో ఏ కణానికి ఆ కణమే కాపలా. కణం పైపొర మీద కొన్ని ప్రోటీన్లు కావలివాళ్లలా నిలబడతాయి. బ్యాక్టీరియా తోకలోని ముక్క తగిలినా, బూజు గోడలోని కైటిన్ తగిలినా పసిగట్టి లోపలికి కబురు పంపుతాయి. కణం గోడ గట్టిపడుతుంది, విష పదార్థాలు తయారవుతాయి. ఒక్కోసారి తెగులు సోకిన కణం తనంతట తానే చచ్చిపోయి, చుట్టూ ఉన్నవాటిని కాపాడుతుంది.

ముసలి_నాగలి: చచ్చిపోవడం ఇమ్యూనిటీ అయితే మా పత్తి చేను మొత్తం ఇమ్యూనిటీయే.

నకిరేకల్_నిమ్మ: 😀 గజ్జి తెగులుకు నేనూ ఒక బూస్టర్ కొట్టిన. గజ్జి గజ్జిలాగే ఉంది.

తెగుళ్ల_సార్: హాలియా గారూ, ముందు అది ఎండాకు తెగులేనా చూడండి. పసుపు, పచ్చ కలిసే చోట ఆకు ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి కోసిన కొస ముంచండి. కాసేపట్లో తెల్లటి జిగురు పొగలా దిగితే బ్యాక్టీరియానే. అప్పుడు బూజు మందు కొట్టినా లాభం లేదు. యూరియా ఆపండి, మడిలో నీళ్లు తీసేయండి, ఆ నీళ్లు పక్క మడిలోకి పోనివ్వకండి.

అసలు ఈ తెగులుకు మన హైదరాబాద్‌లోనే జవాబు దొరికింది. జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి, అంటే మీ బీపీటీ 5204లోకే, మూడు జన్యువులు చేర్చాయి. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. జన్యుమార్పిడి కాదు, సంకరం చేసి డీఎన్ఏ గుర్తులతో ఏరి తెచ్చినది. ఆ మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ-21 ఇచ్చేది కణం పైపొర మీది కావలివాడిని. మిగతా రెండింటి కథ వేరు. ఈ బ్యాక్టీరియా సూదిలాంటి గొట్టంతో తన ప్రోటీన్లను వరి కణంలోకి ఎక్కిస్తుంది. అవి వరి సొంత జన్యువు స్విచ్ వేసి, చక్కెర బయటికి వచ్చేలా చేస్తాయి. అంటే దొంగ మన వంటింట్లోనే పొయ్యి వెలిగించుకుంటాడు. ఎక్స్‌ఏ-13లో ఆ స్విచ్ మారిపోయి ఉంటుంది, దొంగ వేలికి అందదు. ఎక్స్‌ఏ-5లో దొంగకు సాయం చేసే మన ప్రోటీన్‌లోనే ఒక్క చోట తేడా ఉంటుంది. మూడూ దాటాలంటే తెగులుకు కష్టం.

ముసలి_నాగలి: అన్నీ చెప్పినవు, రక్తం సంగతి చెప్పలేదు.

కల్వకుర్తి_కుర్రాడు: సార్, అయితే బూస్టర్లన్నీ అబద్ధమేనా? పొగాకు ఆకులోకి ఆస్పిరిన్ ఎక్కిస్తే వైరస్ మచ్చలు తగ్గాయని 1979లోనే తేలింది కదా. జపాన్‌లో ప్రోబెనజోల్ అని అగ్గి తెగులుకు 1970ల నుంచి వాడుతున్నారు. అది నేరుగా బూజును చంపడం కంటే వరినే మేల్కొల్పుతుంది.

తెగుళ్ల_సార్: నిజమే, అన్నీ అబద్ధం అనను. కానీ ఆస్పిరిన్ పని చేసింది పొగాకులో. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టమైన సాలిసిలిక్ ఆమ్లాన్ని మొక్క తానే తయారు చేసుకుంటుంది. వరి ఆకులో అది మామూలుగానే ఎక్కువ, పొగాకు లెక్క దీనికి కుదరదు. పైగా ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటే ఎదగడానికి శక్తి చాలదు. ఏ పదార్థమో, ఏ తెగులుకో సీసా మీద రాయకుండా ఇమ్యూనిటీ అని ఒక్క మాట రాస్తే దాన్ని ఎలా నమ్మాలి? మనవాళ్లు విత్తనం మార్చరు, దుకాణం మాట వేదం. తర్వాత తెగులు వచ్చిందని ఏడుస్తారు.

హాలియా_మడి: ఎవరు ఏడ్చిండ్రు సార్? పోయిన వానాకాలం నేను వేరే రకం అడిగిన. పట్టాదారు బీపీటీనే వెయ్యమన్నడు, ఆయనకు తిండికి అవే బియ్యం కావాలె. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే దుకాణంలో ఉద్దెర. ఆయన అల్మారాలో ఉన్నదే నా పొలంలోకి వస్తది. మీ ఎక్స్‌ఏ-21 అక్కడ లేదు.

తెగుళ్ల_సార్: అది అచ్చం బీపీటీ లాంటి బియ్యమే అండీ. పట్టాదారుకు తేడా కూడా తెలియదు.

హాలియా_మడి: ఆయనకు తెలియకపోవచ్చు. ఉద్దెర ఇచ్చేటాయనకు తెలుస్తది. విత్తనం బయట కొన్ననని తెలిస్తే ఎరువు బస్తాకు నగదు అడుగుతడు. సీసా వద్దంటే కూడా అంతే. ఇమ్యూనిటీ ఉందా లేదా అని నేను అడిగింది, వద్దనడానికి ఒక కారణం దొరుకుతదేమో అని.

కల్వకుర్తి_కుర్రాడు: అన్నా, ఇది మొదటే చెప్పాల్సింది.

తెగుళ్ల_సార్: ...తప్పు నాదే. విత్తనం గురించి అంత రాశాను, అది ఎవరి చేతిలో ఉందో అడగలేదు. ఎండాకు తెగులని తేలితే "యూరియా ఆపమన్నారు, మందు వద్దన్నారు" అని మండల వ్యవసాయ అధికారితో కాగితం మీద రాయించుకోండి. దుకాణాయనకు అది చూపించండి.

ముసలి_నాగలి: కాగితానికి ఉద్దెర ఆగదు బిడ్డా. యాసంగికి విత్తనం నా దగ్గర తీసుకో, పంట వచ్చినంక ఇయ్యి.

హాలియా_మడి: తాతా, నీ దగ్గర ఉన్నది ఏ రకం?

ముసలి_నాగలి: సంచి మీద ఏదో ఇంప్రూవ్డ్ అని ఉంది. మూడేండ్ల నుంచి అదే వేస్తున్న.