తెవికీ డంపులో దూరాలు మాయం!

ప్రశ్న: తెవికీ (తెలుగు వికీపీడియా) ఎక్స్‌ఎంఎల్ డంపును (వ్యాసాలన్నీ ఉన్న పెద్ద ఫైలును) వికీఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టుతో మామూలు పాఠ్యంగా మార్చాను. ఊళ్ల వ్యాసాల్లో "పట్టణం నుండి దూరంలో ఉంది" అనొస్తోంది. అంకె ఏమైనట్టు? పైగా వ్యాసాల చివర "వర్గం:" తోకలు. రెండు రాత్రులు దీనికే పోయాయి.

జవాబు: అంకె కన్వర్ట్ మూసలో (కొలతలు మార్చి చూపే టెంప్లేటులో) ఉంటుందండీ. అది లువా భాషలో రాసిన మాడ్యూలు మీద నడుస్తుంది, ఆ పనిముట్టు దాన్ని విప్పలేదు. ముందే మూసను తీసి అంకె, కొలమానం మిగిల్చేలా రెండు లైన్ల రెజెక్స్ (అక్షరాల నమూనాను వెతికి మార్చే సూత్రం) రాసుకోండి. తోకలంటారా, స్క్రిప్టు ఇంగ్లీషు పేర్లే వెతుకుతోందేమో. వర్గం, దస్త్రం, దారిమార్పు కూడా చేర్చండి.

ఇంకో జవాబు: కనబడని అక్షరాలన్నీ చెత్తేననుకుని నేను యు+200సి (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు) ఊడ్చేశాను. "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయి కూర్చుంది! దాని జోలికి పోకండి. 2011 జనగణన వాక్యాలు మాత్రం ఊరూరికీ ఒకే అచ్చు, వాటిని పలచన చేయాల్సిందే.

ప్రశ్నించినవారు: అయ్యో, యు+200సి నేనూ ఊడ్చేశానండీ. మళ్లీ మొదటికొచ్చా.