గుండె గుర్తు తీసేశాక కొత్తవారు ఒక్క బొమ్మకు మించి పెట్టలేకపోతున్నారు

రంగుపెట్టె (చెన్నై):
చెన్నైలోని తెలుగు చిత్రకారులు ఇన్‌స్టాగ్రామ్ లైకుల గోల లేకుండా తమ పనిని ఒకరికొకరు చూపుకోవడానికి నెల రోజులుగా ‘ఒత్తిడి లేని చోటు’ అని ఒక అంతర్జాల చర్చావేదికను తయారుచేస్తున్నాను. లైకు కొట్టే గుండె గుర్తును కనబడకుండా చేశాను. నిన్న చేరిన ముగ్గురు ఒక నీటిరంగు చిత్రాన్ని పెన్సిలు గీత నుంచి చివరి పూత దాకా నాలుగు దశలలో పెట్టబోతే ఒక్క బొమ్మకే అనుమతి ఉందని వస్తున్నది. నేను పెడితే నాలుగూ వెళ్తున్నాయి. రాత్రి తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా తల బద్దలు కొట్టుకున్నాను. గుండె గుర్తు తీసేయడం వల్లనే ఇలా జరుగుతున్నదా?

సర్వర్‌కాపరి:
ఏ సాఫ్ట్‌వేరో మీరు చెప్పలేదు. మీది నిర్వాహక ఖాతాయా?

పాతబాటిక్ (తిరువాన్మియూరు):
అమ్మా, సాంకేతిక విషయం నాకు తెలియదు కానీ ఒక సంగతి చెప్పాలి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు చెన్నై దగ్గరి ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని ఏర్పరచుకున్నప్పుడు, బాటిక్ (గుడ్డ మీద మైనంతో వేసే అద్దకం) వంటి చేతిపనులు అమ్మగా వచ్చిన డబ్బుతో ఇల్లు గడుపుకొని, చిత్రాన్ని మాత్రం కొనేవాడి అభిరుచికి లొంగకుండా వేసుకున్నారు. కాబట్టి గుర్తులు దాచడం కన్నా ముందు మీ సభ్యులకు ఇల్లు ఎలా గడుస్తున్నదో అడగండి.

జయనగరవాసి (బెంగళూరు):
ప్రతి జనవరిలో కుమారకృపా రోడ్డు మీద కర్ణాటక చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతె అనే వీధి చిత్రప్రదర్శనలో నేను మూడుసార్లు బొమ్మలు పెట్టాను. అక్కడ ఏ గుర్తూ లేదు, అయినా పక్కవాడి ముందు ఎంతమంది ఆగారో సాయంత్రం దాకా ఓరకంట చూస్తూనే ఉన్నాను. అందువల్ల దీనిని ‘ఒత్తిడి లేని చోటు’ అనడం సరికాదు, ‘లెక్క కనబడని చోటు’ అనండి.

రంగుపెట్టె:
చర్చావేదికలు నడిపే డిస్కోర్స్ అండి, అది అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. అవును, నిర్వాహకురాలిని నేనే.

సర్వర్‌కాపరి:
ఇవి రెండు వేర్వేరు విషయాలు. డిస్కోర్స్‌లో సభ్యులకు సున్నా నుంచి నాలుగు దాకా నమ్మక స్థాయులు ఉంటాయి. సున్నాలో ఉన్న కొత్తవారు ఒక టపాకు ఒక్క బొమ్మే పెట్టగలరు. నిర్వాహకులకు ఈ హద్దు వర్తించదు కనుక మీకు తెలియలేదు. ‘న్యూయూజర్ మ్యాక్స్ ఎంబెడెడ్ మీడియా’ అన్న సెట్టింగును 6 చేయండి. ఇకపై ఏది మార్చినా ఒక మామూలు ఖాతా తెరిచి అందులోంచి పరీక్షించండి.

గుండె గుర్తు వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. రెండో స్థాయికి ఎక్కాలంటే 15 రోజుల రాకపోకలతో పాటు కనీసం ఒక లైకు ఇచ్చి, ఒకటి పొంది ఉండాలి. మీరు బొత్తాన్ని దాచేశారు కనుక మీ సభ్యులు ఒకటో స్థాయిలోనే ఆగిపోతారు. ఆ రెండు లైకు షరతులనూ సున్నా చేయండి. పైగా మీరు దాచింది కంటికి కనబడే గుర్తునే. సభ్యులకు వచ్చే పతకాలు, ఎవరికెన్ని లైకులో చూపే సభ్యుల పట్టిక, ఎక్కువ ఆదరణ పొందిన టపాల ‘టాప్’ వరుస ఇంకా ఉంటే పోటీ పెరటి దారిన వస్తుంది. వాటినీ ఆపేయండి.

పాతబాటిక్:
సభ్యులకు మెట్లు కట్టి కూర్చోబెట్టిన నమ్మక స్థాయి కూడా లెక్కే కదా నాయనా? చోళమండలంలో ఎవరికీ స్థాయి సంఖ్య లేదు.

సర్వర్‌కాపరి:
అది గౌరవం కాదండి, చెత్త ప్రకటనలు వేసేవారిని వాకిట్లోనే ఆపే గడి.

జయనగరవాసి:
గడి అంటే తలుపు గడియా, చదరంగపు గడియా? మా వైపు అయితే గొళ్లెం అంటాము.

సర్వర్‌కాపరి:
గొళ్లెమే అనుకోండి.

రంగుపెట్టె:
నాలుగు బొమ్మలూ వెళ్లాయి, కృతజ్ఞతలు. పతకాల సంగతి ఆదివారం చూస్తాను.

జయనగరవాసి:
సంతోషమమ్మా. ఇంతకీ ఆ నాలుగు బొమ్మల కింద ఎవరైనా ఒక్క మాటైనా రాశారా?