ఇంట్లో చేసే బీరు మొదటి బ్యాచ్‌కి ఏ ఫర్మెంటర్ (పులియబెట్టే పాత్ర)? బకెట్టా, గాజు కార్బాయా (సన్న మెడ ఉన్న పెద్ద సీసా)?

కొత్త_మాల్ట్ (డాలస్)

5 గ్యాలన్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) ఎక్స్‌ట్రాక్ట్ కిట్ (రెడీమేడ్ మాల్ట్ సారంతో చేసేది) తెచ్చాను, ఈస్ట్ యూఎస్-05 రకం. ఉండేది అపార్ట్‌మెంట్, గరాజ్ లేదు. చీకటిగా ఉండే చోటు బట్టల క్లాజెట్ ఒక్కటే. ఏసీ నడుస్తున్నా అక్కడ 75 ఫారెన్‌హీట్‌కి తగ్గదు.

6.5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ సరిపోతుందా, గాజు కార్బాయ్ కొనాలా? కింద కుళాయి ఉన్న బకెట్ మేలా? నురుగు పొర్లితే కార్పెట్ గతి ఏంటి? వారం తర్వాత సెకండరీకి (రెండో పాత్రలోకి) మార్చమని కిట్ కాగితంలో రాశారు. దానికి ఇంకో పాత్ర కావాలా?

మడ్డిరాజు

బకెట్ తీసుకోండి, గాజు జోలికి వెళ్లకండి. 5 గ్యాలన్ల బీరుతో నిండిన గాజు కార్బాయ్ 55 పౌండ్లకి పైమాటే. శానిటైజర్‌తో తడిసిన చేతుల్లో జారితే చేతి నరాలు తెగే ప్రమాదం ఉంది. వేడి వర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) పోస్తే అడుగు పగులుతుంది. ఇప్పటికే ఉంటే మాత్రం మిల్క్ క్రేట్‌లో పెట్టి క్రేట్ పట్టుకుని ఎత్తండి, మెడ పట్టుకుని ఎప్పుడూ ఎత్తొద్దు.

గాజులోంచి ఆక్సిజన్ పోదు, ప్లాస్టిక్‌లోంచి మెల్లగా పోతుంది, ఆ మాట నిజమే. కానీ రెండు మూడు వారాల్లో సీసాలకెక్కే ఏల్‌కి దాంతో తేడా రాదు. నెలలు నెలలు ఉంచే పుల్ల బీర్లకి గాజు వాడతారు, అది వేరే లెక్క.

సైజు 6.5 గ్యాలన్లే ఉండాలి. 5 గ్యాలన్ల పాత్రలో 5 గ్యాలన్లు పోస్తే, దోసెల పిండి గిన్నె నిండా పోసి రాత్రంతా వదిలేసినట్టే. పైన కనీసం గ్యాలన్ ఖాళీ ఉంచండి, గోధుమ బీరైతే ఇంకా ఎక్కువ.

బకెట్‌కి శత్రువు గీతలు. పీచు, స్టీలు స్క్రబ్బర్ తగిలించొద్దు. గీతల్లో దాక్కున్న బ్యాక్టీరియాని శానిటైజర్ అందుకోలేదు. గోరువెచ్చని నీళ్లలో పీబీడబ్ల్యూ (బీరు పాత్రలు కడిగే పొడి) గ్యాలన్‌కి ఔన్సు లెక్కన కలిపి కొన్ని గంటలు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిస్తే మడ్డంతా వదులుతుంది. బాగా కడిగాక స్టార్ శాన్ (శానిటైజర్): 5 గ్యాలన్లకి ఔన్సు, అంటే గ్యాలన్‌కి 6 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలు తడిగా ఉంచి వంచేయండి, మళ్లీ కడగొద్దు. మిగిలిన నురుగు బీరుని ఏమీ చేయదు. మూత, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీటి అమరిక), రబ్బరు గ్రోమెట్ (మూత రంధ్రంలోని రింగు) కూడా అందులో మునగాలి. చాలామంది మర్చిపోయేది గ్రోమెట్‌నే.

సెకండరీ అక్కర్లేదు, రెండో పాత్ర కొనొద్దు. మార్చిన ప్రతిసారీ బీరులోకి గాలి చేరి అట్టపెట్టె తడిసినట్టు పాత వాసన వస్తుంది. పండ్లు వేయాలన్నా, నెలల తరబడి ఉంచాలన్నా తప్ప ఏల్‌ని కదిలించే పని లేదు.

మీ అసలు సమస్య పాత్ర కాదు, ఆ 75. పులియడం ఉద్ధృతంగా ఉన్నప్పుడు బీరు గదికంటే 5 నుంచి 8 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. యూఎస్-05 చావదు, పండు వాసనలు, ఘాటైన ఆల్కహాల్ రుచి వస్తాయి. బకెట్‌ని వెడల్పాటి టబ్‌లో పెట్టి సగం ఎత్తుకి నీళ్లు పోయండి. గడ్డకట్టించిన వాటర్ బాటిళ్లు రెండేసి వేస్తూ పొద్దున, సాయంత్రం మార్చండి. బకెట్ గోడకి స్టిక్కర్ థర్మామీటర్ అంటించి మొదటి నాలుగు రోజులు 65 నుంచి 68 మధ్య ఉంచగలిగితే చాలు. ఆ తర్వాత 70కి ఎక్కనిచ్చినా మంచిదే, ఈస్ట్ పని పూర్తి చేస్తుంది. స్టీల్ కోనికల్‌కి (గరాటు అడుగున్న ఫర్మెంటర్) పెట్టే డబ్బుంటే పాత ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ కొనుక్కోవడం నయం.

గొట్టం_గురువు

కార్పెట్ సంగతి. మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ బదులు గొట్టం పెట్టండి. మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లో పై మూత, లోపలి చిన్న గిన్నె తీసేస్తే నడిమి కాడకి అర అంగుళం గొట్టం బిగుతుగా ఎక్కుతుంది. కాడ అడుగున ప్లాస్టిక్ జల్లెడలా ఉంటుంది కదా, దాన్ని కత్తితో కోసేయండి. హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) ముక్కలు అడ్డుపడేది అక్కడే. అడ్డుపడితే ఒత్తిడి పెరిగి మూత ఎగిరి సీలింగ్‌కి తగులుతుంది. గొట్టం రెండో కొస శానిటైజర్ ఉన్న జార్‌లో రెండంగుళాలు మునగాలి. నురుగు దిగాక మామూలు ఎయిర్‌లాక్ పెట్టుకోండి.

బీరుని చల్లబరిచే ముందు ఆ గొట్టం తప్పకుండా తీయండి. చల్లబడితే లోపలి గ్యాస్ కుంచించుకుపోయి జార్‌లో నీళ్లన్నీ బీరులోకి లాగేసుకుంటుంది. మూడు ముక్కల ఎయిర్‌లాక్‌దీ అదే తంతు, ఎస్ ఆకారందైతే గాలిని మాత్రమే లాగుతుంది.

కుళాయి విషయంలో మాత్రం ఖరాఖండిగా చెప్తా: ఫర్మెంటర్‌కి వద్దు, సీసాలు నింపే బకెట్‌కి ఉంచండి. ప్రతి బ్యాచ్‌కీ కుళాయిని పూర్తిగా ఊడదీసి కడగకపోతే లోపలి మూలల్లో పాత బీరు కుళ్లి తర్వాతి బ్యాచ్‌ని పాడుచేస్తుంది. పైగా వాషర్ సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే రాత్రంతా చుక్కలు కారుతుంది.

కెగ్గు_బాబాయ్

కుళాయి మీద నాది వేరే మాట. ఊడదీసి కడిగే ఓపికుంటే అదే నయం, సైఫన్ (గొట్టంతో బీరు లాగడం) గొడవా ఉండదు, శాంపిల్ తీయడానికి మూత తెరిచే పనీ ఉండదు.

ముందుముందు కెగ్‌లో పోసే ఆలోచనుంటే కార్నీ కెగ్‌నే (ఒత్తిడి తట్టుకునే స్టీలు పీపా) ఫర్మెంటర్‌గా వాడొచ్చు. 5 గ్యాలన్ల కెగ్‌లో 4 గ్యాలన్లకి మించొద్దు. గ్యాస్ పోస్ట్‌కి (గ్యాస్ బిగించే మూతి) స్పండింగ్ వాల్వ్ (లోపలి ఒత్తిడిని హద్దులో ఉంచేది) పెట్టి 10 నుంచి 15 పీఎస్‌ఐ ఉంచితే వెచ్చని గదిలో కూడా పండు వాసనలు తగ్గుతాయి. డిప్ ట్యూబ్ (అడుగు నుంచి బీరు లాగే గొట్టం) తీసేసి తేలే ట్యూబ్ పెడితే మడ్డి రాదు. కానీ బకెట్‌కి గానీ గాజుకి గానీ ఒత్తిడి పెట్టే ప్రయోగం చేయొద్దు, పేలతాయి.

కొత్త_మాల్ట్ (డాలస్)

థాంక్స్ అన్నలూ, బకెట్ ఖాయం. కుళాయి లేనిదే. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోతే సీసాల్లో పోసేయొచ్చా?

మడ్డిరాజు

బుడగల్ని నమ్మొద్దు. బకెట్ మూత అంచు గాలి వదులుతుంది, లోపల ఈస్ట్ ఉరకలేస్తున్నా ఎయిర్‌లాక్ చప్పుడు చేయకపోవచ్చు. వేడి పెరిగితే పని అయిపోయిన బీరు కూడా బుడగలు వదులుతుంది. హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచేది) ఒక్కటే సాక్షి. మీ కిట్ 1.050 దగ్గర మొదలైతే 1.010 నుంచి 1.014 మధ్య ఆగాలి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా అంకె మారకూడదు. చూసిన శాంపిల్‌ని తిరిగి పోయకండి, తాగేయండి. 1.020 దగ్గర ఆగిందనిపిస్తే బకెట్‌ని నీళ్లలోంచి తీసి 70 దాకా వెచ్చబడనివ్వండి, మెల్లగా గిరగిరా తిప్పండి, మూత మాత్రం తీయొద్దు.

అది తేలకుండా సీసాల్లో ఒక్కోదానికీ చక్కెర వేసి మూతలు బిగిస్తే అవి క్లాజెట్‌లో బాంబులే.