చర్చ: కూల్చేలోపు పాత నేత షెడ్డును రికార్డు చేయాలి, ఎలా?

ప్రెస్టన్_రవి: ఇంగ్లండ్‌లో బర్న్‌లీ దగ్గర 1908 నాటి నేత షెడ్డు. వచ్చే నెల కూల్చేస్తారట. ఓనరు ఒక్కరోజు లోపలికి రానిస్తానన్నాడు. కొలతలు ముందా, ఫోటోలు ముందా? డ్రోన్ కావాలా? ఇంకోటి, రంపపు పళ్లలాంటి పైకప్పులో అద్దాలు ఉత్తరానికి ఉండాలంటారు కదా, నా ఫోన్ కంపాస్ ఈశాన్యం చూపిస్తోంది.

కొలతబద్ద: ఫోటోలే ముందు. నేను ఒకచోట టేపు పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, వెలుతురు పోయింది. మళ్లీ వెళ్లేసరికి గోడలు లేవు. ప్రతి స్తంభానికీ సుద్దతో నంబరు వేసి, పక్కన స్కేలు పెట్టి తియ్యి.

సివిల్_శాస్త్రి: ఈశాన్యమా? కుదరదు. ఇరవై ఏళ్ల సర్వే అనుభవంతో చెబుతున్నాను, అలాంటి కప్పును నార్త్ లైట్ అంటారు, నార్త్ లైట్ అంటే ఉత్తరమే.

లక్ష్మి_లెస్టర్: శాస్త్రి గారూ, స్థలం వాలును బట్టి, వీధిని బట్టి కొంచెం తిప్పి కట్టినవీ ఉన్నాయండి. మా నాన్నగారు సిరిసిల్లలో మరమగ్గం నడిపారు. నేరుగా ఎండ పడితే తెగిన పోగు కనపడదు, అదీ అసలు కారణం. దిక్సూచి కాదు.

సివిల్_శాస్త్రి: నాకు మగ్గాల గురించి పాఠం చెప్పనక్కర్లేదమ్మా.

లక్ష్మి_లెస్టర్: మీరు దిక్కుల గురించి చెప్పారు, నేను నేతగాడి కళ్ల గురించి చెప్పాను. అందులో కోపమెందుకు?

పెరివేల్_పిల్లాడు: షెడ్లు సరే, ఫ్యాక్టరీల ముఖభాగాలు ఎవరికీ పట్టవా? లండన్ బ్రెంట్‌ఫర్డ్‌లో 1928 నాటి ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ ముందు భాగాన్ని 1980 ఆగస్టులో సెలవు రోజులు చూసి కూల్చేశారు, చారిత్రక కట్టడాల రక్షణ జాబితాలో చేర్చేలోపే. దాన్ని గీసిన వాలిస్ గిల్బర్ట్ ఆర్కిటెక్టుల సంస్థే గీసిన హూవర్ ఫ్యాక్టరీ భవనం మాత్రం మిగిలింది. రవీ, నెల అన్నారని ధీమాగా ఉండకు. ఈ వారమే వెళ్లు.

సివిల్_శాస్త్రి: ముఖభాగం అలంకారం. నాటింగ్‌హామ్‌లో బూట్స్ మందుల కంపెనీ డి10 ఫ్యాక్టరీ చూడండి, 1932లో పూర్తయింది, ఇంజనీరు ఓవెన్ విలియమ్స్ డిజైన్. గొడుగుల్లా విచ్చుకున్న కాంక్రీటు స్తంభాలు, చుట్టూ అద్దాలు. అదీ ఇంజనీరింగ్!

కొలతబద్ద: రవి అడిగింది నేత షెడ్డు గురించి. తమ్ముడూ, లోపలంతా పోత ఇనుప స్తంభాలేగా? వాటి పక్కన ఫోన్ కంపాస్ తప్పు చూపిస్తుంది. బయటికొచ్చి చూడు. లేదా స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో పాత ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు ఉచితం, వాటితో సరిచూసుకో.

ప్రెస్టన్_రవి: బయట చూశాను అన్నా. ఉత్తరమే, ఒక పది డిగ్రీలు తూర్పుకు. శుక్రవారం వెళ్తున్నాను. డ్రోన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

లక్ష్మి_లెస్టర్: పైకప్పు సరే, నేల కూడా తియ్యి బాబూ. మగ్గాలు బిగించిన బోల్టు రంధ్రాలు, నూనె మరకలు. ఏ మగ్గం ఎక్కడుందో అవే చెబుతాయి.